ఏ గడీ ఖాళీగా వదలరాదు

కనకలింగం ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. లైబ్రరీ కార్డు ఫారంలో "వ్యాధులేవైనా ఉన్నవా?" అని అడిగితే "ఎడమ మోకాలు, వర్షాకాలంలో" అని రాశాడు. లాడ్జీ రిజిస్టరులో "వచ్చిన పని" అన్నచోట లోకమంతా "సొంత పని" అని గీకేసి తాళంచెవి పుచ్చుకుంటుంది. ఆయన మాత్రం తోడల్లుడి తమ్ముడి గృహప్రవేశం సంగతి మొదలుపెట్టి, పక్క గళ్లలోకి కూడా పాకి, ముహూర్తంతో సహా రాసి గాని తాళం అడగలేదు.

ఆయన్ని అనడానికి లేదు, దెబ్బ తిన్న మనిషి. ఉద్యోగంలో చేరిన ఏడాదే నిశ్చితార్థానికి సెలవు పెడితే, "వెళ్లే ఊరికి సమీప పోలీసు స్టేషను" అనే గడి ఖాళీగా ఉందని చీటీ తిరిగొచ్చింది. నింపి పంపితే, ఎన్ని మైళ్లో రాయలేదని మళ్లీ వచ్చింది. మూడోసారి ఎందుకొచ్చిందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. సెలవు మంజూరయ్యేటప్పటికి నిశ్చితార్థం అయిపోయింది. పెళ్లికూతురు సత్యవేణి పక్క కుర్చీలో ఆయన ఫొటో నిలబెట్టి తాంబూలాలు మార్చుకున్నారు. ఒక గడి ఖాళీగా వదిలితే ఒక కుర్చీ ఖాళీ అయిపోతుందని ఆయన ఆనాడే నేర్చుకున్నాడు.

ఆయన పనిచేసే చోటు పేరు భూగర్భ ధాన్య నిల్వల అధ్యయన సంస్థ. పూర్వం రైతులు నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి ధాన్యం దాచుకునేవారు, ఆ గొయ్యిని పాతర అంటారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరికీ పాతరలు లేవు. సంస్థకి మాత్రం ఒకటుంది. పదకొండేళ్ల కిందట ఆవరణ మధ్య తవ్వించారు. అందులో పొయ్యడానికి ధాన్యం ఇంకా మంజూరు కాలేదు కాబట్టి, నలభై ఒక్కమంది సిబ్బందీ ఖాళీ పాతరని శ్రద్ధగా అధ్యయనం చేస్తూ వచ్చారు.

ఇలా ఉండగా జార్జియా దేశం నుంచి పిలుపొచ్చింది. నేలలో వస్తువులు నిల్వచేసే పద్ధతుల మీద నాలుగు రోజుల సదస్సు. డైరెక్టరు డాక్టర్ విశ్వంభరరావు గారు వెళ్లాలి, కాని ఆయన పాస్‌పోర్టుకి గడువు దాటిపోయింది. సంస్థలో చెల్లే పాస్‌పోర్టు ఉన్నది కనకలింగం ఒక్కడికే. అదైనా ఎక్కడికో వెళ్దామని తీసుకున్నది కాదు. ఆ ఫారంలో గళ్లు చాలా ఉంటాయని విని, సరదాపడి నింపాడు.

పెట్టె సర్దుతుండగా సత్యవేణి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవండీ, నాకు అక్కణ్ణించి ఒకటి తెస్తారా?"

ఇరవై అయిదేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఏదీ అడగలేదు. కనకలింగం చొక్కా మడత వదిలేశాడు.

"ఏం కావాలి? శాలువాలు బాగుంటాయేమో."

"శాలువా ఏం చేసుకుంటానండీ ఈ ఉక్కలో. అక్కడ వైను బాగుంటుందంట. ఓ సీసా తెండి. పద్దెనిమిదో తారీకు మన పెళ్లిరోజు కదా. ఇరవై అయిదు నిండుతాయి. సాయంత్రం డాబా మీద కూచుని ఇద్దరం చెరో కాస్తా వేసుకుందాం."

"నువ్వా? వైనా? ఎందుకే?"

"ఎందుకో చెప్పాలని మీ ఫారంలో ఏవన్నా గడుందా?"

లేదు కాబట్టి కనకలింగం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆయనకి ఎంత సంతోషం వేసిందంటే, విమానం ఎక్కేదాకా సదస్సు సంగతే గుర్తు రాలేదు.

జార్జియాలో ఒక పల్లెకి తీసుకెళ్లి చూపించారు. ఒక ముసలావిడ ఇంట్లో, మనిషి పట్టేంత మట్టికుండలు మెడల దాకా నేలలో పాతి ఉన్నాయి. ద్రాక్షపండ్లు తొక్కి వాటిలో పోసి, మూతపెట్టి, నెలల తరబడి అలా వదిలేస్తారట. నేలలో నిజంగా ఏదన్నా దాచి ఉండగా కనకలింగం చూడడం అదే మొదలు. ఇరవై ఆరేళ్ల చదువూ కళ్లముందు కనబడేసరికి ఆయనకి కళ్లు చెమర్చాయి. భాష రాదు గనక జేబులోంచి సత్యవేణి ఫొటో తీసి చూపించి, ఆవిడ కోసం ఒక సీసా కావాలని సైగ చేశాడు. ముసలావిడ ఫొటోని చాలాసేపు చూసింది. అరుగు మీది సీసాలన్నీ కాదని, లోపలికెళ్లి వేరే సీసా తెచ్చి, ఫొటో మీద వేలు పెట్టి తట్టి, "ఇది ఈవిడకే, నీకు కాదు" అన్నట్టు కనకలింగం కేసి వేలు ఊపింది. సీసా మీది అక్షరాలు గుండ్రంగా మన అక్షరాల దూరపు చుట్టాల్లా ఉన్నాయి. దాన్ని పంచెలో చుట్టి, పెట్టె నడుమ పడుకోబెట్టి, క్షేమంగా ఇల్లు చేర్చాడు.

ఇక్కడితో కథ అయిపోవలసింది. కాని పర్యటన నివేదిక ఫారం అని ఒకటుంది.

అందులో పద్నాలుగు గళ్లు. ఆరు దాకా చకచకా నింపాడు. ఏడోది: "సంస్థ నిమిత్తం విదేశం నుండి తెచ్చిన నమూనాలు." ఏమీ తేలేదు. "లేవు" అని రాద్దామని కలం పెట్టబోతూ అడుగున చిన్నక్షరాలు చూశాడు. "ఏ గడీ ఖాళీగా వదలరాదు. లేదు, లేవు, వర్తించదు అని రాసిన గళ్లు ఖాళీగానే పరిగణించబడును." కనకలింగం గంటసేపు ఆ గడిని చూశాడు. అది ఆయన్ని చూసింది. చివరికి ఆయన ప్రమేయం లేకుండానే చెయ్యి కదిలి "భూగర్భమున నిల్వచేసిన ద్రాక్ష ఉత్పత్తి, సీసా ఒకటి" అని రాసేసింది. ఎవడు చదువుతాడులే అనుకున్నాడు.

పరిపాలనాధికారి ఆదిశేషయ్య గారు చదివారు. కాగితం మీద ఉన్నది తప్ప లోకంలో ఇంకేదీ లేదని నమ్మే మనిషి ఆయన. సోమవారం మధ్యాహ్నానికి మెమో వచ్చింది. "సదరు నమూనాను మూడు పనిదినములలో సంస్థకు దఖలు పరచవలెను. ఇందు ఎట్టి జాప్యమునూ తీవ్రముగా పరిగణించబడును."

కనకలింగం పరిగెత్తుకెళ్లాడు. "అయ్యా, అది మా ఆవిడ కోసం తెచ్చుకున్నదండి. పెళ్లిరోజు ఇంకా పన్నెండు రోజులే ఉందండి."

ఆదిశేషయ్య గారు ఫారం తెరిచి, పద్నాలుగు గళ్ల మీదా స్కేలు జరుపుతూ పోయారు.

"మీ భార్యగారు ఈ ఫారంలో ఎక్కడున్నారో చూపించండి."

"లేదండి."

"ఏడవ గడిలో 'సంస్థ నిమిత్తం' అని అచ్చయి ఉంది. మీరు సంతకం చేసి ఉన్నారు. సంస్థ ఉంది. సీసా ఉంది. లేనివారి గురించి నేను ఉత్తర్వులు ఇవ్వలేను."

ఇంటికొచ్చి కనకలింగం భార్యకి జరిగింది చెప్పాడు. సత్యవేణి అంతా విని, సీసాని పాత చీరముక్కలో చుట్టి గుడ్డసంచీలో పెట్టింది.

"తీసుకెళ్లండి. పద్దెనిమిదో తారీకు లోపల వెనక్కి తెండి. ఆనాడు ఫొటోతో సరిపెట్టుకున్నాను. ఈసారి మాత్రం కుదరదండీ."

కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకి. ఆవిడ నవ్వుతూనే అంది, అందుకని ఇంకా భయం వేసింది.

బుధవారం సంచీతో సంస్థ గేటు దగ్గరికి వెళ్లేసరికి వాచ్‌మన్ అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక గోడ మీద బోర్డు ఉంది. "ఈ ఆవరణలోకి మత్తు పానీయములు తీసుకొని రారాదు."

"లోపలికి ఒల్లకాదు బాబూ. ఈ బోర్డుకి మొన్ననే రంగు కూడా ఏయించినాం."

"పట్టుకురమ్మని మెమో ఇచ్చారయ్యా."

"అయితే ఎనక్కి పట్టుకుపోడానికి కూడా లేదు మరి. ఇక్కడే ఉండండి."

సీసాని గేటు స్తంభం మీద పెట్టారు. స్తంభం లోపలా కాదు, బయటా కాదు. ఎండ తగలకుండా అప్పలకొండ తన తువ్వాలు దానికి చుట్టాడు. పదిన్నరకి డైరెక్టరు గారూ ఆదిశేషయ్య గారూ వచ్చి గేటు దగ్గరే కుర్చీలు వేయించి సమావేశం జరిపారు. నమూనా రాకపోతే మెమో ధిక్కారం, వస్తే బోర్డు ధిక్కారం. ఆదిశేషయ్య గారు ఆ బోర్డుకి మూలమైన సర్క్యులరు తెప్పించి మూడుసార్లు చదివారు. మూడోసారి ఆయన ముఖం వికసించింది.

"ఆవరణ అనగా సంస్థ కట్టడములు, వాటి చుట్టూ గల భూతలము అని నిర్వచించి ఉన్నారు. భూతలము. నేలకి దిగువ భాగమును గూర్చి సర్క్యులరు మౌనం వహించింది."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "అంటే, మన పాతరలో..."

"పాతర ఆవరణలో లేదు సార్. ఆవరణ కింద ఉంది."

ఒక చిక్కు మాత్రం మిగిలింది. గేటు నుంచి పాతర దాకా నలభై అడుగుల నేల. ఆ నలభై అడుగులూ సీసా భూతలం మీదనే పోవాలి. దీనికి డైరెక్టరు గారే పరిష్కారం చెప్పారు. శాస్త్రవేత్త కదా. గేటు నుంచి పాతర దాకా నడుము లోతు కందకం తవ్వించమన్నారు.

రెండు రోజులు తవ్వారు. శుక్రవారం ఉదయం సిబ్బంది అంతా గట్టు మీద రెండు వరసలుగా నిలబడగా, కనకలింగం రోడ్డు మీంచి కందకంలోకి దిగాడు. సీసాని మోకాళ్ల దగ్గర పట్టుకుని, వంగి, పీత నడక నడిచాడు. గట్టు మీద ఆదిశేషయ్య గారు స్కేలు పట్టుకుని పక్కనే వస్తూ "దించండి, ఇంకా దించండి, బిరడా భూతలానికి వస్తోంది" అని హెచ్చరిస్తూ పోయారు. మధ్యలో ఎడమ మోకాలు పట్టేసింది. వర్షాకాలం కాదే, ఫారంలో తప్పు రాశానే అని కనకలింగం నొచ్చుకున్నాడు.

పాతరలో సీసా దించి, గడ్డి కప్పి, మూత వేసి లక్కముద్ర కొట్టారు. కొబ్బరికాయ కొట్టాక డైరెక్టరు గారు ప్రసంగించారు. "మిత్రులారా, పదకొండేళ్లుగా మన పాతర ఎదురుచూస్తున్నది. దేనికి ఎదురుచూస్తున్నదో మనకు తెలియలేదు. నేడు తెలిసినది." సిబ్బంది చప్పట్లు కొట్టారు. కనకలింగాన్ని నమూనాకి సంరక్షకుడిగా నియమిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు చేతిలో పెట్టారు. పెళ్లిరోజుకి ఎనిమిది రోజులుంది.

సోమవారం ఇంకో ఫారం పుట్టింది. నమూనా పరీక్ష ఫారం. దీనికీ పద్నాలుగే గళ్లు. ఇందులో ఏడోది: "గుణము. మత్తు కలిగించునా?" నెలాఖరులోగా నింపాలి. సీసా మీది అక్షరాలు ఎవరికీ చదవడం రాదు. కాబట్టి మత్తు నిర్ధారణ కమిటీ వేస్తామని ఆదిశేషయ్య గారు నోటీసు అంటించారు. "మత్తును గుర్తించుటలో తగిన అనుభవము గల సిబ్బంది దరఖాస్తు చేసుకొనవచ్చును. అట్టి అనుభవము ఉన్నట్లు తేలిన సిబ్బందిపై ప్రవర్తనా నియమావళి ననుసరించి చర్య తీసుకొనబడును."

ఒక్క దరఖాస్తూ రాలేదు. టీ బడ్డీ దగ్గర మాత్రం కనకలింగాన్ని పక్కకి పిలిచి, కాయితం మీద కాకుండా నోటిమాటగా అయితే తమకు బోలెడంత అనుభవం ఉందని పంతొమ్మిదిమంది చెప్పుకున్నారు. మందు వాసన చూసి ఏ ఊరి సరుకో చెప్పగలనని అకౌంట్సు గుమాస్తా ఒట్టు వేశాడు. వాళ్లందరికీ దణ్ణం పెట్టి వచ్చేశాడు కనకలింగం.

మంగళవారం డైరెక్టరు గారు సమస్యని శాస్త్రీయంగా తిరగేశారు. "తాగినవాడికి మత్తు అలవాటై ఉంటుంది. తేడా తెలియాలంటే ముందు మత్తు బొత్తిగా ఎరగని శరీరం కావాలి. అనుభవం ఉండకూడదయ్యా, లేకపోవడమే అర్హత." ఆదిశేషయ్య గారు నోటీసు తిరగరాశారు. అభ్యర్థి సంస్థ ఉద్యోగి కారాదు. ఎన్నడూ మత్తు పానీయం రుచి చూసి ఉండరాదు. చదవడం, సంతకం చేయడం వచ్చి ఉండాలి. ఊళ్లో ముగ్గురు మగవాళ్లు వచ్చారు. ముగ్గురి మీదా వాళ్ల వాళ్ల భార్యలే స్వయంగా వచ్చి అభ్యంతరం చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం కనకలింగం ఆ నోటీసు ప్రతి ఒకటి ఇంటికి తెచ్చి బల్ల మీద పడేసి కూలబడ్డాడు. సత్యవేణి పప్పు ఏరుతూ దాన్ని చదివింది. ఇంకోసారి చదివింది.

"ఏవండీ, ఈవిడెవరో నాకు తెలుసునండీ."

"ఎవరు?"

"నేనే."

కనకలింగం లేచి కలం తెచ్చి ఇచ్చాడు. దరఖాస్తు ఆవిడే నింపింది. అనుభవం అన్నచోట "లేదు" అని రాసింది. ఈ ఒక్క ఫారంలో ఆ మాట ఖాళీ కింద లెక్క కాదు, అర్హత కింద లెక్క.

గురువారం ఇంటర్వ్యూ. ఇద్దరు అధికారులూ గంభీరంగా కూర్చున్నారు.

"తాము గతంలో ఎన్నడైనా, ఏ రూపేణానైనా, మత్తు సేవించి ఉన్నారా?" అన్నారు ఆదిశేషయ్య గారు.

"దగ్గుకి అల్లం మురబ్బా తిన్నానండి."

డైరెక్టరు గారు నోట్ చేసుకున్నారు. "బాగున్నది. పరీక్షకు తమకు కావలసిన వసతులేమిటమ్మా?"

"ఆవరణలో పనికిరాదని బోర్డుంది కదండీ, మా డాబా మీద పెట్టుకుంటానండి. పద్దెనిమిదో తారీకు శనివారం, సాయంత్రం ఆరింటికి. సీసా కాపలా ఆయన కూడా ఉండాలండి, సంరక్షకుడు వదిలి ఉండకూడదని మీ ఉత్తర్వులోనే ఉందంట."

"ఆ తేదీయే ఎందుకు?"

"ఆ రోజు ఆయన ఇంట్లో ఉండాలని ఇరవై అయిదేళ్లుగా అనుకుంటున్నానండి. ఇలాగైతే సెలవు చీటీ అక్కర్లేదు. డ్యూటీయే."

అధికారులు మొహాలు చూసుకున్నారు. మత్తు పానీయం ఆవరణలోకి తేరాదని ఉంది గాని తీసుకెళ్లరాదని లేదు కదా అన్నారు ఆదిశేషయ్య గారు. అయినా మంచిదని, శుక్రవారం సీసాని మళ్లీ కందకంలోంచే నడిపించారు. గేటు దగ్గర అప్పలకొండ సెల్యూట్ కొట్టాడు. సీసాకో కనకలింగానికో తెలియలేదు.

శనివారం సాయంత్రం డాబా మీద చాప, రెండు స్టీలు గ్లాసులు, పళ్లెంలో మిరపకాయ బజ్జీలు. కనకలింగం పరీక్ష ఫారం అట్టకి బిగించి, కలంతో తయారుగా కూర్చున్నాడు. బిరడా లాగడానికి అరగంట పట్టింది. వైను తేనెరంగులో ఉంది. సత్యవేణి రెండు గ్లాసుల్లోనూ పోసింది.

"నాకు కూడానా? నేను సంరక్షకుణ్ణే."

"సంరక్షకుడు తాగెనా అని గడుందా అందులో?"

పద్నాలుగూ చూశాడు. లేదు.

మొదటి గుక్కకి ఆవిడ మొహం చిట్లించింది. "ద్రాక్షతొక్కలు నమిలినట్టుందండీ." రెండో గుక్కకి మొహం విప్పుకుంది. మూడో గుక్కకి, నిశ్చితార్థం నాటి కబుర్లు ఎత్తుకుంది. ఫ్యాను గాలికి కుర్చీలో ఫొటో మాటిమాటికీ బోర్లా పడిపోతుంటే, పిల్లాడికి సిగ్గెక్కువ అని వాళ్ల మేనత్త అందరికీ సర్దిచెప్పిందట. చెబుతూ చెబుతూ నవ్వాగక పైటతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఆ వేళకి తను ఆఫీసులో కూర్చుని నాలుగోసారి సెలవు చీటీ నింపుతున్నానని, నింపుతూ ఏడ్చానని, కనకలింగం ఇన్నాళ్లకి చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయనకి సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి.

కింద వీధిలో డైరెక్టరు గారు ఆదిశేషయ్య గారితో కలిసి షికారుగా అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిచారు. డాబా పైకి తలెత్తి చూశారు గాని పిట్టగోడ తప్ప ఏమీ కనిపించలేదు.

వెలుతురు ఇంకా ఉండగానే కనకలింగం అట్ట ఒళ్లోకి తీసుకున్నాడు. ఆరు గళ్లు నింపి ఏడోదాని దగ్గర ఆగాడు.

"మత్తు కలిగించునా? ఏం రాయమంటావు?"

"ఏమీ రాయకండి."

"ఖాళీగానా?" ఆయన కలం పైకెత్తేశాడు.

"వదిలితే ఏవవుద్ది?"

"ఫైలు తిరిగొచ్చేస్తుంది."

"తిరిగొస్తే?"

"మళ్లీ పరీక్ష చేసి నింపమంటారు."

అని, ఆయన ఆగిపోయాడు. ఇద్దరూ సీసా కేసి చూశారు. సగం పైగా ఉంది. కనకలింగం మిగిలిన ఏడు గళ్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, సంతకాలు చేయించి, కలానికి మూత పెట్టాడు. ఏడో గడి తెల్లగా మెరుస్తోంది. ఈసారి ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు.

మంగళవారం ఫైలు తిరిగొచ్చింది. అంచున ఆదిశేషయ్య గారి ఎర్రసిరా. "ఏడవ గడి ఖాళీగా ఉన్నది. మిగిలిన నమూనాతో పరీక్షను తిరిగి జరిపి సమర్పించవలెను. అప్పటికీ నిర్ధారణ కాని పక్షమున, స్థలము తెలిసిన సంరక్షకునీ, రుచి తెలిసిన నిపుణురాలినీ నూతన నమూనా నిమిత్తం సదరు దేశమునకు పంపుటకు ప్రతిపాదనలు తయారు చేయవలెను." డైరెక్టరు గారు తానే వెళ్తానని ఉబలాటపడ్డారట గాని, ఆయన పాస్‌పోర్టు ఫారం గళ్లు ఖాళీగా ఉన్నాయని అప్పటికి మూడోసారి తిరిగొచ్చింది.

కనకలింగం ఆ సాయంత్రం పావుకిలో బజ్జీ మిరపకాయలు కొని, దారిలో ఇంకో చోట ఆగి, ఇల్లు చేరాడు. ఎర్రసిరా చదివి వినిపించి, సంచీలోంచి కొత్త పాస్‌పోర్టు ఫారం తీసి సత్యవేణి ముందు పెట్టాడు. ఆవిడ గ్లాసులు కడుక్కొచ్చి, ఫారాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది.

"ఇందులో కూడా ఓ గడి వదిలెయ్యనాండీ?"

కనకలింగం కలం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇందులో మాత్రం ఒక్కటీ వదలకు."